ఎవరి మొత్తం వాళ్ళకి

భర్త చొక్కా కాలర్ ఇస్త్రీ అయ్యేలోగా పక్కనున్న ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం కంపైలై, నడవడానికి సిద్ధంగా కూర్చుంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె రన్ నొక్కింది. జవాబు సరిగ్గా వచ్చింది. నిన్నా ఇదే, మొన్నా ఇదే.

“ఆ డబ్బా చూసి మురుస్తూ చొక్కా తగలెట్టేవు,” అంది సోఫాలోంచి అత్తగారు.

భర్త పనిచేసే వాతావరణ కేంద్రంలో ఒక ఉద్యోగం ఖాళీ ఉంది. పాప పుట్టాక ఆమె వదులుకున్న కుర్చీయే అది. వాన లెక్కలు కట్టే ప్రోగ్రాములన్నీ అక్కడ కొత్త భాషలోకి మారుతున్నాయి. లూప్‌ను, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే లెక్కను, ముక్కలు చేసి, కంప్యూటర్‌లో విడివిడిగా లెక్కలు కట్టే కోర్లన్నిటికీ ఒకేసారి పని పంచే భాష. అందులో సొంతంగా రాసిన ప్రోగ్రాం చూపిస్తేనే ఇంటర్వ్యూ. ఆమె దరఖాస్తు పెట్టింది, కూరగాయలు తరుగుతూ పాఠాలు వింది. పాపకు స్నానం చేయిస్తూ లూపులు తలలోనే రాసుకుంది.

“రెండు పొయ్యిలు వెలిగిస్తే ఒకదాని మీద పాలు పొంగబెడతావ్. నీకు పేరలల్ ప్రోగ్రామింగా?” అని భర్త నవ్వాడు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వింది. తర్వాత స్టవ్ తుడిచింది.

పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెడుతోందని, అది ఒక్క కోర్‌తోనే నడిచేలా అతనే కట్టేశాడు. అందుకే పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, “ఆఫీసు మెషీన్ మీద ఒక్కసారి నడిపి చూడండి,” అని బతిమాలింది.

సాయంత్రం షూ విప్పకుండానే తీర్పు చెప్పేశాడు. “నడిపిన ప్రతిసారీ కొత్త జవాబు! మా టీమంతా పడీపడీ నవ్వారు. నీ పేరు చెప్పలేదులే, పోయేది నా పరువు.”

గిన్నెలు తోముతుంటే ఆమెకు తప్పు దొరికింది. ఒక్క కోర్ ఉన్నచోట గొడవ లేదు. అన్ని కోర్లూ ఒకే మొత్తంలోకి ఒకేసారి కలపబోతే, ఒకటి రాసింది ఇంకొకటి చెరిపేస్తుంది. ఎవరి మొత్తం వాళ్ళు వేసుకుని, చివర్లో కలిపితే సరి. ఒక్క వరుస మార్చి మళ్ళీ ఇచ్చింది.

“అదీ ఏడ్చినట్టే ఉంది,” అన్నాడు మర్నాడు. “ఇక చాలించి పాప దగ్గు సంగతి చూడు.”

ఆమె నమ్మింది. అదే ఘోరం. అతను అబద్ధమాడి ఉంటాడని ఒక్కసారి కూడా తోచలేదు. తన బుర్రే మొద్దుబారిందనుకుంది. పక్కలు సర్దుతూ, పాలసీసాలు కడుగుతూ, తప్పులేని ఆ వరుసలోనే తప్పు వెతికింది.

ఆదివారం ఉదయం అతను స్నానంలో ఉండగా ఫోన్ మోగింది. కేంద్రం డైరెక్టర్. ఆమె ఎత్తింది.

“మీవారు అదరగొట్టారమ్మా! గంట పట్టే లెక్క నిమిషాల్లో తేలుస్తోంది ఆయన ప్రోగ్రాం. రేపు పైవాళ్ళకి ఆయనే చూపిస్తారు. ఒక్క సందేహం. ప్రతి కోర్‌కీ విడిగా మొత్తం ఎందుకు పెట్టారో ఆయన్ని అడగాలి.”

“అది నేను రాశాను సార్.”

అవతల పసిపిల్లను బుజ్జగించే గొంతు. “మీరిలా అంటారని ఆయన ముందే చెప్పారమ్మా. మనసు బాగుండటం లేదటగా. మీ దరఖాస్తు కూడా వెనక్కి తీసుకున్నారు. విశ్రాంతి తీసుకోండి. ఫోన్ ఆయనకివ్వండి.”

తువ్వాలుతో తల తుడుచుకుంటూ ముందే వచ్చి నిలబడ్డ భర్తకు ఫోన్‌లోంచి అంతా వినబడింది. ముఖంలో సిగ్గు లేదు, తొందర ఉంది. ఫోన్ లాక్కుని అరచెయ్యి అడ్డుపెట్టాడు. “ఆ విడి మొత్తాలు ఎందుకు పెట్టావ్? త్వరగా చెప్పు.”

ఆమె చూపు అతని చేతిలోని ఫోన్ మీదే ఉంది.

“నీకే చెప్పేది! నా ప్రమోషన్ దీని మీదుంది.”

అత్తగారు లేచి వచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ గొంతులో తీపి పలికింది. “చెప్పు తల్లీ. వాడు నీ మొగుడు కాదూ?”

ఆమె అతని చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుంది. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది.

“హలో? చెప్పండి, ఎందుకలా పెట్టారు?” అంటోంది డైరెక్టర్ గొంతు.

భర్త చెప్పమని ఆమెకు సైగ చేశాడు.

ఆమె కుర్చీ లాక్కుని, జవాబు వినడానికి అతనికి ఎదురుగా కూర్చుంది.