బొద్దింకల రిజిస్ట్రేషన్

పిల్ల చెవిలో బొద్దింక దూరిన రోజు ఆ ఇంట్లో రెండు సంగతులు తేలిపోయాయి. మూడేళ్ళ పిల్ల గొంతు నాలుగు వీధులు దాటి వినబడుతుందన్నది ఒకటి. పెయింటర్ భార్య సంచీ సర్దడం మొదలుపెట్టిందంటే మధ్యలో ఆగే మనిషి కాదన్నది రెండోది. డాక్టరు పిల్ల చెవిలో చుక్కల మందు పోసి, సన్నటి పట్టకారుతో దాన్ని బయటికి లాగాడు. అది పట్టకారులో ఉండి కూడా మీసాలు తిప్పింది. ఆవిడ ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికొచ్చి పిల్ల గౌన్లు, దువ్వెన, బొమ్మ ఏనుగు సంచీలో కుక్కింది.

"అక్క ఇంటికి పోతున్నా. బొద్దింకలన్నీ పోయాయని చెప్పండి, వస్తాను. గుమ్మంలో ఒక్కటి కనబడినా అటునుంచటే వెనక్కి."

"ఒక్కటా?"

"ఒక్కటంటే ఒక్కటే. నెంబర్లు రాసే మనిషికి ఒకటంటే ఏమిటో తెలీదా?"

నిజమే, అతను నెంబర్లు రాసే మనిషి. బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు ప్రహరీ పక్కన రేకుల షెడ్డు, అందులో ఓ బల్ల, రంగు డబ్బాలు, గోడకి వేలాడే నెంబర్ ప్లేట్లు. గీత వంకర పోవడమన్నది అతని చేతికి తెలియదు. ఒకసారి డ్రైవరు తొందరపెడితే, కదిలిపోతున్న బస్సు వెనకాల పరిగెడుతూనే నెంబరు రాశాడట. చివరి సున్నా పూర్తయ్యేసరికి పక్క ఊరి బస్టాండు వచ్చిందట. చూసినవాళ్ళెవరూ లేరు గానీ, ఆ సున్నా ఎంత గుండ్రంగా వచ్చిందో అతను ఇప్పటికీ గాల్లో గీసి చూపిస్తాడు.

భార్య వెళ్ళిన మర్నాడే మందు కొట్టేవాణ్ణి పిలిపించాడు. వాడు వీపున డబ్బాతో వచ్చి, వంటింటి సింకు కింద టార్చి వేసి, చాలాసేపు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు.

"అన్నా, ఇది నీ ఒక్కడి ఇంటి పని కాదు. ఈ పైపు పై ఇంట్లోంచి దిగుతోంది. చుట్టూ వేలు పట్టేంత సందు. కింద కొడితే పైకి పోతాయి. నాలుగు రోజులు అక్కడ విడిది చేసి మళ్ళీ దిగుతాయి. పైనా కిందా ఒకే రోజు కొడతానంటే చెప్పు. లేదంటే నా మందు దండగ, నీ ఆశ దండగ."

పైన ఉండేది ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయనే. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఎండ కాస్తోందన్నా రుజువు అడిగే రకం. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు.

పెయింటర్ మెట్లెక్కి తలుపు తట్టాడు. మాస్టారు తలుపు జానెడు తీసి, ఆ జానెడులోనే నిలబడ్డారు.

"మా ఇంట్లో బొద్దింకలా? ఏదీ, ఒక్కటి చూపించు."

"లోపలికి రానిస్తే చూపిస్తాను మాస్టారూ."

"రానిచ్చాక నీ జేబులోంచి తీసి వదలవని నమ్మకమేమిటి? చూడబ్బాయ్, నువ్వు దిగిన రోజున నీ అట్టపెట్టెలన్నీ నా కళ్ళముందే మోయించావు. వాటిలోనే వచ్చుంటాయి. నీవి నువ్వు చూసుకో."

"అవి మీ పైపు వెంట దిగుతున్నాయి మాస్టారూ. పిల్ల చెవిలో దూరింది. మా ఆవిడ ఇల్లొదిలి వెళ్ళిపోయింది."

"పిల్ల సంగతికి నాకూ బాధగానే ఉంది. కానీ అవి మావేనని ఎలా అంటావు? వాటి మీద నా పేరేమైనా రాసుందా?"

తలుపు మూసుకుంది. పేరు రాసుందా అన్నది రోజూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అనే మాటే. ఇంకొకడైతే పళ్ళు నూరుకుంటూ దిగిపోయేవాడు. పెయింటర్ మాత్రం నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. రేకు మీద, చెక్క మీద, బస్సు మీద రాసిన మనిషి. బొద్దింక మీద రాయొచ్చని అంతవరకు తట్టలేదు.

అదే సాయంత్రం పని మొదలుపెట్టాడు. గాజు సీసా అడుగున చిటికెడు చక్కెర వేసి, మూతి లోపల నూనె రాశాడు. చక్కెర కోసం దిగిన బొద్దింక నూనె మీద జారి మళ్ళీ పైకి రాలేదు. సీసాని ఫ్రిజ్‌లో ఐసు గడ్డల పక్కన మూడు నిమిషాలు పెడితే, లోపలివన్నీ పాఠం వింటున్న పిల్లల్లా కదలకుండా కూర్చునేవి. అప్పుడొక్కొక్కదాన్నీ బల్ల మీద పెట్టి, రెండు వెంట్రుకల కుంచెని తెల్ల ఎనామిల్ రంగులో ముంచి, వీపు మీద నెంబరు వేసేవాడు. ఒకటి, రెండు, మూడు. మూడు కాస్త పక్కకి జారితే తుడిచి మళ్ళీ రాశాడు. బొద్దింకే కదా అని వంకర నెంబరు వదిలితే రేపు షెడ్డులో కుంచె ఎలా పడతాడు? రంగు ఆరాక సింకు కింద వదిలేసేవాడు. ఎనిమిది చాలా పెద్దది, లారీ. పదకొండు చిన్నది, దానికి రెండంకెలు పట్టించడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి ఇరవై రెండు బళ్ళు రిజిస్టరయ్యాయి.

ఆ తర్వాత కూడా నెంబరు లేనివి వస్తూనే ఉన్నాయి. పెయింటర్ ఉత్సాహంగా పైకి పరిగెత్తాడు.

"మా ఇంటివన్నిటినీ ఐసులో పెట్టి నెంబర్లేశాను మాస్టారూ. నిన్న ఆరు వచ్చాయి, ఒక్కదానికీ నెంబరు లేదు. బయటి బళ్ళు."

"నువ్వు వెయ్యకుండా మిగిలిపోయినవి అయ్యుండవా? ఊహ వేరు, రుజువు వేరు."

రెండు రోజులకి మాస్టారే స్వయంగా మెట్లు దిగి వచ్చారు. చేతిలో అగ్గిపెట్టె, ముఖంలో పండగ. అగ్గిపెట్టె తెరిస్తే లోపల బొద్దింక, వీపు మీద పద్నాలుగు.

"మా భోజనాల బల్ల మీద చక్కెర డబ్బా వెనకాల దొరికింది. నీ చేతిరాతే కదా? మా ఇంటివి నీ ఇంటికి దిగుతున్నాయన్నావు. నీ ఇంటివే మా ఇంటికి ఎక్కుతున్నాయని నువ్వే రుజువు చేశావు. వచ్చే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసేయ్ అబ్బాయ్."

పెయింటర్ అగ్గిపెట్టెలోకి వంగి చూశాడు. బొద్దింకల్ని పోగొట్టి భార్యని తెచ్చుకుందామనుకుంటే, తెచ్చుకోవడానికి ఇల్లే లేకుండా పోతోంది.

"ఎక్కే దారి ఉందంటే దిగే దారీ అదేగా మాస్టారూ?"

"ఉండొచ్చు. దారి ఉన్నంతమాత్రాన దిగినట్టేనా? మెట్లున్నాయి కాబట్టి నేను మీ ఇంటికొచ్చానంటావా?"

"ఇప్పుడు వచ్చారుగా."

"అది వేరే లెక్క," అని మాస్టారు అగ్గిపెట్టె మూసి జేబులో వేసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారి భార్య దిగి వచ్చింది. నెమ్మదస్తురాలు. గట్టిగా మాట్లాడితే మాటలు అరిగిపోతాయేమో అన్నట్టుండే మనిషి.

"నాయనా, కాస్త ఆ తెల్ల రంగు పోసిస్తావా? వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసుకుంటాను."

"దానికేముంది పిన్నిగారూ," అని మూతలో రంగు పోసి, పాత కుంచె కూడా ఇచ్చాడు.

ఆవిడ గుమ్మం దాటబోయి ఆగింది. "ఐసులో ఎంతసేపు ఉంచుతావు?"

"మూడు నిమిషాలు పిన్నిగారూ."

"ఊరికే అడిగాలే."

డబ్బాల మీద పేర్లకి ఐసు ఎందుకని పెయింటర్ అడగలేదు. అతని బుర్ర అప్పుడు అద్దె ఇళ్ళ బోర్డుల వెంట తిరుగుతోంది.

నాలుగో రోజు పొద్దున స్టవ్ వెనక ఒక బొద్దింక కనబడింది. వీపు మీద తెల్లగా ఏదో ఉంది. నెంబరు కాదు. ముందుగా అతనికి కోపమే వచ్చింది. ఎవడ్రా ఇంత ఘోరంగా రాసింది? సీసాలో పట్టి, కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్కటే అక్షరం. వంకర తిరిగి, చివర దీర్ఘం రెండు చుట్లు చుట్టుకుని ఉంది.

'మా'.

సీసా పట్టుకుని, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా పైకి పరిగెత్తాడు. మాస్టారు కళ్ళజోడు మీద భూతద్దం పెట్టి సీసాలోకి చూశారు.

"ఏమిటిది? 'మా'. మా అంటే?"

"మావి అని, మాస్టారూ. మా ఇంటివి అని. నేను రాయలేదు. నా చేతిలో అక్షరం ఇలా మెలికలు తిరగదు."

మాస్టారు భూతద్దం దించారు. ఆ మెలిక ఆయనకి కొత్తది కాదు. ముప్ఫై ఏళ్ళుగా సరుకుల చీటీల మీద చూస్తున్నదే. దీర్ఘానికి ఒక్క చుట్టు చాలని ఎన్నోసార్లు చెప్పారు. ఎన్నోసార్లు ఆవిడ తలూపి, రెండు చుట్లే చుట్టింది.

"ఏమోయ్!" అని లోపలికి కేకేశారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ రాత నీదేనా?"

"మాస్టారు అని పూర్తిగా రాద్దామనుకున్నానండీ. దాని వీపు చాల్లేదు."

"నా పేరు... బొద్దింక మీదా?"

"పేరు రాసుందా అని అడిగింది మీరేగా."

పెయింటర్ నవ్వకూడదని గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. ఆవిడ మాత్రం చెప్పుకుపోయింది, అదే మెల్లటి గొంతుతో. "ఇన్నేళ్ళలో మీరు వంటింట్లో అడుగు పెట్టలేదు. ఉన్నాయంటే, నీ శుభ్రత ఇదా అంటారని నోరు మూసుకున్నాను. కానీ కింద పిల్ల అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

మాస్టారు లేచారు. వంటింట్లోకి నడిచారు. సింకు కింద తలుపు తీశారు. తీసినంత వేగంగానే మూశారు.

"ఎన్నిటి మీద రాశావు?"

"పదకొండింటి మీద. రంగు అయిపోయింది."

ఆ శనివారం మందు కొట్టేవాడు పైనా కిందా ఒకే పూట కొట్టాడు. పైపు చుట్టూ సందుకి సిమెంటు పూయించింది మాస్టారే, పని అయ్యేదాకా పక్కనే నిలబడి. ఖాళీ చెయ్యమన్న మాట ఆయనా ఎత్తలేదు, పెయింటరూ గుర్తుచెయ్యలేదు. వారం పాటు ఊడ్చిన ప్రతిసారీ పెయింటర్ చేటలో వెల్లకిలా పడున్నవాటిని తిప్పి, నెంబర్లు చూసి, కాగితం మీద కొట్టేసేవాడు. 'మా' లన్నీ పోయాయి. పద్నాలుగు మాస్టారి అగ్గిపెట్టెలోనే పోయింది. లెక్కకి రానిది ఒక్కటే, ఏడు. ఎక్కడో గోడలో పోయుంటుందిలే అనుకుని భార్యకి ఫోన్ చేశాడు.

"అన్నీ పోయాయి, వచ్చెయ్."

"అన్నీనా?"

"అన్నీ," అన్నాడు, ఏడుని మింగేసి.

ఆదివారం పదకొండింటికి ఆటో ఆగింది. ఆవిడ ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో పిల్లని పట్టుకుని గుమ్మం ముందుకొచ్చింది. పిల్ల చంకలో బొమ్మ ఏనుగు. పెయింటర్ ఎదురెళ్ళి సంచీ అందుకోబోయాడు.

"నాన్నా, ఏడు!" అంది పిల్ల.

"ఏడవడమెందుకు తల్లీ, వచ్చేశాంగా," అంది తల్లి.

"ఏడూ!" అని పిల్ల వేలు చూపించింది. తండ్రి షెడ్డులో రేకు ముక్కల మీద పది దాకా నేర్పించిన పిల్ల అది. పొరబడదు. గుమ్మం పక్కన, మందు మత్తులో తూలుతూ, బొద్దింక ఒకటి గోడ వెంబడి నడుస్తోంది. వీపు మీద చక్కటి ఏడు. గీతలో ఎక్కడా వంకర లేదు.

ఆవిడ సంచీ మళ్ళీ భుజానికి ఎత్తుకుంది. ఆటో ఇంకా మలుపు తిరగలేదు.

పై నుంచి చెప్పుల చప్పుడు. మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని దిగుతూ ముగ్గుర్నీ చూశారు. తర్వాత వాళ్ళు చూస్తున్నదాన్ని చూశారు. చివరి మెట్టు మీద కాస్త ఆగారు.

"అది మాదమ్మా," అన్నారు.

"మీదా?" ఆవిడ తిరిగింది. "దాని మీద నెంబరుంది మాస్టారూ. ఈయన రాత నాకు తెలీదా?"

"రాత ఆయనదే. బొద్దింక మాది."

"రుజువేమిటి?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. పెయింటర్ ఆయన నోటివంకే చూస్తున్నాడు.

"నేను చెబుతున్నానుగా," అన్నారు మాస్టారు.

ఆవిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "అయితే మీదాన్ని మీరే తీసుకెళ్ళండి."

ఆయన వంగారు. జేబురుమాలు పరిచి, ఏడుని అందులోకి నెట్టి, నాలుగు కొసలూ ముడేసి, అరచేతిలో పెట్టుకుని వచ్చిన మెట్లే మళ్ళీ ఎక్కారు. పిల్ల చెయ్యి ఊపింది. పైన తలుపు మూసుకున్న చప్పుడు వినబడేదాకా ఆవిడ కదల్లేదు.

"ముందు ఆ సింకు కింద తలుపు తియ్యండి, చూస్తాను," అని సంచీ భర్త చేతికిచ్చి, గడప దాటింది.