బోర్డు చివరి వరుస

పాలు పొంగబోయే వేళకే ఫోను మోగాలని ఎవరు రాసిపెట్టారో గాని, ఆ ఇంట్లో అది తప్పేది కాదు. ఆమె ఒక చేత్తో స్టవ్వు తగ్గించబోతూ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల ఎవరో పెద్దాయన. వీధి చివర కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాలుకు వేసిన రంగు అప్పుడే పెచ్చులూడుతోందట. ప్రభుత్వ సొమ్ముతో వేసే రంగు ఇలాగేనా ఉండేదని నిలదీస్తున్నాడు. రాంగ్ నంబరండీ అంది ఆమె.

“రాంగెలా అవుతుందమ్మా? బోర్డు ముందు నిలబడే చేస్తున్నాను,” అన్నాడాయన.

ఆ ఆశ్చర్యంలో పాలు పొంగనే పొంగాయి. స్టవ్వు తుడిచి, చెప్పులేసుకుని వెళ్ళి చూసింది. ప్రభుత్వం గ్రాంటిచ్చి కట్టించే ప్రతి హాలు ముందూ ఒక బోర్డుండాలన్నది నియమం. ఎంత ఇచ్చారు, దేనికిచ్చారు, బాధ్యులెవరు, అనుమానం వస్తే ఎవరినడగాలి, అన్నీ దారినపోయేవాళ్ళు కూడా చదువుకునేలా రాయాలి. రాయించారు. అన్నిటికన్నా పైన బొటనవేలంత లావు అక్షరాల్లో హాలు కమిటీ అధ్యక్షుడైన ఆమె భర్త పేరు. దాని కింద కోశాధికారి, ఆ తర్వాత తక్కిన పెద్దమనుషులు. చిట్టచివర, రంగు అయిపోవస్తుంటే గీసినట్టు సన్నగా, ‘వివరాలకు, ఫిర్యాదులకు’ అని ఆమె ఫోను నంబరు. పేరు లేదు, ఒట్టి నంబరు. మర్యాదలు వాళ్ళకి, తిట్లు ఈమెకి.

సాయంత్రం అడిగితే భర్త పేపర్లోంచి తలెత్తలేదు.

“ఆఫీసులో నాకు తీరికెక్కడ? నువ్వు ఇంట్లోనే ఉంటావుగా.”

ఆ మాట ఆమెకు కొత్త కాదు. ప్లంబరు వస్తాడు, ఇంట్లోనే ఉంటావుగా. ఆడపడుచు పిల్లలకు సెలవులిచ్చారు, ఇంట్లోనే ఉంటావుగా. ఆఫీసువాళ్ళను భోజనానికి పిలిచాను, ఇంట్లోనే ఉంటావుగా. ఇంట్లో ఉండడమంటే కాలు మీద కాలేసుకుని కూర్చోవడమని ఆయన గట్టి నమ్మకం. ఒకప్పుడు ఆమె ఇంట్లో ఉండేది కాదు. బస్‌స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చునేది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది ఎక్కడ చెడిపోయి ఆగిందో కాగితం చూడకుండా చెప్పేది. పై అధికారి దగ్గరికి ఎవరైనా వస్తే టీ కప్పులు పట్టుకెళ్ళే పనీ ఆమెదే. పక్క కిటికీలో కూర్చునే మగాయనకు ఆ యోగం ఎన్నడూ పట్టలేదు. అయినా ఆ కిటికీ అంటే ఆమెకు ప్రాణం. అంతలో కూతురు పుట్టింది, చూసే దిక్కు లేదు. కన్నది ఎవరో సాకడానికా అంది అత్తగారు. ఒక్క ఏడాది మానెయ్, తర్వాత చూద్దాం అన్నాడు భర్త. కూతురు కాలేజీకి వెళ్తోంది గాని, ఆ ఏడాది మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఫోన్లు వరసగా వచ్చాయి. కుళాయి కారుతోంది. కిటికీకి రెక్క లేదు. మొదట్లో ఆయన్నడిగి చెబుతానండీ అనేది. ఆయన్నడిగితే, వాళ్ళకెందుకవన్నీ అనేవాడు. ఆ జవాబు ఫోన్లో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. సొమ్ము అడిగేవాళ్ళదే కదా మరి. అందుకని కూరగాయలకు వెళ్తూ తాపీమేస్త్రీనీ, వస్తూ వడ్రంగినీ కదిపింది. మంచి రోజు దాటిపోతుందని గోడ ఆరకముందే రంగేసి ప్రారంభోత్సవం చేశారట, ఊడక ఏం చేస్తుంది? పెద్దాయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పోనీ, నిజం చెప్పారమ్మా, అని ఆయన నవ్వాడు. మళ్ళీ కిటికీ వెనక కూర్చున్నట్టే ఉంది ఆమెకు. ఆ పాత గొంతు కూడా తిరిగొచ్చింది, నిదానంగా, తొణక్కుండా. ఆఖరికి అత్తగారికీ సరదా పుట్టింది. కోడలు స్నానానికి వెళ్తే ఫోనెత్తి, కుళాయికి వాషరు పోయింది, రేపు మారుస్తారు, అని మేస్త్రీకన్నా ధీమాగా చెప్పసాగింది.

ఆ బోర్డంతా చదివింది వీధిలో బహుశా ఆమె ఒక్కతే. రాయించినవాళ్ళు తమ పేర్ల దగ్గరే ఆగిపోయారు. పేర్లకూ నంబరుకూ మధ్య రెండు వరుసలున్నాయి. వెనక గది, పనులకు వెళ్ళే తల్లుల పసిపిల్లల కోసం. ఆ పిల్లల్ని చూసుకునే మనిషికి నెలనెలా జీతం. ఇలాంటి గది ఒక్కటి అప్పుడుంటే తను ఆ కిటికీ వదిలేదా? వెళ్ళి చూస్తే గదికి తాళం. కిటికీ అద్దంలోంచి కమిటీవారి సోఫా, దాని మీద పేకముక్కలు కనిపించాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తతో ఆ మాట కదిపింది. ఆయన దానికీ దారి ఆలోచించే ఉంచాడు.

“పిల్లల్ని నువ్వు చూసుకుంటావని చెప్పేశాలే. తనిఖీకి వచ్చినప్పుడు నాలుగు రోజులు కూర్చుంటే సరి. జీతమంటావా, మన ఇంటి మనిషికి జీతమిస్తే జనం నవ్వరూ? ఆ డబ్బుతో గదికి ఏసీ పెట్టిద్దాం.”

ఆమె మారు మాట్లాడకుండా ఆయనకు పెరుగు వడ్డించింది. మౌనం అర్ధాంగీకారం అనుకుని ఆయన తృప్తిగా చెయ్యి కడుక్కున్నాడు. మిగతా సగం ఏమిటని ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున కమిటీ అంతా ముందుగదిలో కొలువుతీరింది. ఆమె కాఫీ ట్రేతో వస్తుండగా ఫోను మోగింది. ట్రేను భర్త చదువుతున్న పేపరు మీదే దించి ఫోనెత్తింది. అవతల ఒక నర్సు. వెనక చంటిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. రేపు డ్యూటీలో చేరకపోతే రాజీనామా ఇవ్వమన్నారట. అత్తింటివాళ్ళు మానేయమంటున్నారట. హాలు ముందు బోర్డు చూసింది, గది చూస్తే తాళం.

“నిజంగా ఉందాండీ ఆ గది? లేక ఊరికే రాశారా?” అని అడిగింది నర్సు.

వద్దు వద్దు, తర్వాత మాట్లాడదామని చెప్పు, అని భర్త చేతులూపుతున్నాడు. ఆమెకు ఆ చేతులు కనిపించాయి గాని, వాటికన్నా ఆ బిడ్డ ఏడుపు ఎక్కువగా వినిపించింది. ఏడాది తర్వాత చూద్దామని ఆ నర్సుతోనూ ఎవరో అనే ఉంటారు.

“ఉందండీ. రేపు పొద్దున తెరిచే ఉంటుంది. బిడ్డను తీసుకురండి,” అంది విచారణ కిటికీ గొంతుతో.

“చూసుకునేదెవరండీ?”

భర్త ఊపిరి పీల్చుకున్నాడు. ఎలాగూ మాట ఇచ్చేసింది, పరువైనా దక్కించుకుందామనుకున్నాడు కాబోలు, నువ్వేనని చెప్పు, నువ్వేనని, అంటూ గుసగుసలాడాడు.

“నేనేనండీ. జీతానికి చేస్తాను. అదీ బోర్డు మీదే ఉంది, నా నంబరుకు సరిగ్గా పై వరుసలో.”

ఆమె ఫోను పెట్టేసింది. కోశాధికారి గొంతు సవరించుకున్నాడు.

“అధ్యక్షులవారి భార్యకే జీతమంటే జనం అడగరా చెల్లెమ్మా?”

“అడగాలనేగా అన్నయ్యా బోర్డు పెట్టింది. అడగనివ్వండి, నంబరు నాదేగా, నేనే చెబుతాను. ఇంకెవరైనా చేస్తామని ముందుకొస్తే ఆ జీతం వాళ్ళకే ఇవ్వండి, సంతోషం. ఊరికే చేసే మనిషి మాత్రం ఈ ఇంట్లో ఇక లేదు.”

భర్త ఏదో అనబోయాడు. ఈలోగా తలుపు దగ్గర నిలబడి అంతా విన్న అత్తగారు, ఆ సోఫా తీయించేటట్టయితే మన వరండాలో వేయించరా, నా నడుముకు బాగుంటుంది, అంది. దాంతో కమిటీ తీర్మానం ఏకగ్రీవంగా అయిపోయినట్టయింది.

ఆమె మేకుకు వేలాడుతున్న ఆ గది తాళంచెవి తీసుకుంది. చీపురూ బకెట్టూ పట్టుకుంటే ఎలాగూ బరువే గాని, ఈసారి చేతులు తేలిగ్గా ఉన్నాయి. ఆదివారమేగా, ఎవరో ఒకరు వచ్చి సోఫా మోయండి, చీపురు ఇంకోటి కూడా ఉంది, అని కమిటీవాళ్ళకు చెప్పి చెప్పులేసుకుంది. వాళ్ళలో ఇద్దరు నిజంగానే లేచారు.

“అదేంటి, రెండోసారి కాఫీకి పాలు పెట్టావు కదా స్టవ్వు మీద?” అన్నాడు భర్త కంగారుగా.

“కాస్త చూస్తూ ఉండండి,” అంది ఆమె గడప దాటుతూ. “మీరు ఇంట్లోనే ఉన్నారుగా.”