కల్లు వాసన

అప్పటికి నన్ను పశువుల కొట్టంలోకి మార్చి ఏడాది దాటింది. నా కంచం వేరు, నా చెంబు వేరు. మా కోడలు పంచవర్ణం చెడ్డదేం కాదు. గడప అవతల కంచం పెట్టి, "అత్తా, వేడిగా ఉండాది, తినండి" అని పిలిచేది. కానీ రెండేళ్ల మనుమరాలిని మాత్రం నా నీడ కూడా తాకనిచ్చేది కాదు. టీబీ అన్నారు మరి. మా ఆయన గోవిందసామి ఇదే దగ్గుతో పోయాడు, పోతూ నాకు అంటించాడని పెరియంపట్టి ఊరంతా తీర్పు చెప్పేసింది. ఆ పిల్లను ఒక్కసారి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది.

మాత్రలు మింగి నోరు చేదెక్కిందే తప్ప ఆయాసం తగ్గలేదు. చివరికి కొడుకు అంజప్ప నన్ను సేలం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. బస్సులో నాకు దూరంగానే కూర్చున్నాడు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "కల్లునారు మిల్లులో ఎన్నేళ్లు పనిచేశావమ్మా?" అన్నాడు.

"నేను ఆ మిల్లు గేటు కూడా చూడలే సామీ. మా ఇంటాయన చేసినాడు."

"మరి ఆ మిల్లు దుమ్ము నీ ఊపిరితిత్తుల్లోకి ఎట్లా పోయింది?"

గుమ్మం దగ్గర అంజప్ప ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. కన్నకొడుకు వినగా చెప్పే మాటా అది! అయినా చెప్పాను.

నాది కుప్పం. కాపురానికి వచ్చినప్పుడు తమిళం ముక్క రాదు. మొగుడిది కల్లునారు మిల్లులో పని అన్నారు. తమిళంలో కల్లంటే రాయి, అది రాతినార, ఇంటి కప్పు రేకుల్లో వేసే ఆస్బెస్టాస్. మన తెలుగులో కల్లంటే ఏమిటో వేరే చెప్పాలా! తాగుబోతుకు కట్టబెట్టారని ఏడ్చాను. ఆయన పని నుంచి రాగానే చొక్కా పట్టుకుని వాసన చూశాను. సంగతి తెలిసి ఆయన పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత అదే మా సరసమైపోయింది. ఏళ్ల తరబడి, సాయంత్రం గుమ్మంలోనే తెల్లటి పొడి నిండిన చొక్కా చూపించి, "చూడవే, ఈ పొద్దు ఎంత తాగినానో" అనేవాడు. నేను ముఖం ఆనించి గట్టిగా పీల్చి, "పీకల దాకా తాగినావు" అనేదాన్ని. అప్పుడు చొక్కా విప్పించి, దులిపి, ఉతికేదాన్ని. మా ఊళ్లో ఏ మొగుడూ పెళ్లాన్ని అంత నవ్వించి ఉండడు. ఇప్పటికీ నాకు గర్వమే.

డాక్టరు అంజప్ప వైపు తిరిగి కసిరాడు. "ఆ తువ్వాలు తియ్యి. ఇది అంటుకునే జబ్బు కాదు. తగ్గేదీ కాదు."

మొదటి మాట విన్నాక రెండోది నా చెవికెక్కలేదు. తిరుగు బస్సులో అంజప్ప నా పక్కనే కూర్చున్నాడు.

"ముందే చెప్పి ఉంటే ఏమమ్మా?"

"నన్ను ఎవరు అడిగినార్రా?"

ఇంటికి వచ్చాక సంగతి విని పంచవర్ణం గొల్లుమంది. నడిమింట్లో చాప పరిచి నన్ను కూర్చోబెట్టింది. పిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టింది. నేను చేతులు చాచాను.

పిల్ల గౌను అంచు ఎత్తి ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడ దాకా వెనక్కి జరిగింది. ఎన్నాళ్లుగానో నేర్పిన పని, తప్పు లేకుండా చేసింది.

"పోవే, అవ్వ దగ్గరికి పో" అని పంచవర్ణం తోసింది. పిల్ల కెవ్వుమంది.

"వద్దులే, ఏడిపించొద్దు" అన్నాను.

పిల్ల తల్లి కొంగు పట్టుకుని లోపలికి పోయింది. కొట్టంలో ఏడాది పాటు రాని ఏడుపు, నడిమింట్లో కూర్చున్నాక వచ్చింది.