లావు పిన్నూ, సన్న పిన్నూ

'ఛార్జి' అన్న మాట ఒక్కటి పట్టుకుంటే చాలు, పీరియడంతా గడిచిపోతుందని ఇంగ్లీషు చెప్పే రూబెన్ మేష్టారికి బాగా తెలుసు. ఆ శనివారం పొద్దున గణపవరం హైస్కూల్లో తొమ్మిదో తరగతికి అదే పాఠం. "ఎక్కడెక్కడ విన్నారో చెప్పండర్రా" అన్నాడో లేదో, క్లాసంతా గోలగోల. బస్సు ఛార్జి అన్నాడొకడు. సెల్లుకి ఛార్జింగు, రీఛార్జి కార్డు అన్నారు ఇంకొందరు. నేరం మోపితే ఛార్జిషీటు అని వెనక బెంచీ అరిచింది. "ఇవాళ్టి నుంచి మీరే ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు కదండీ" అంటూ జాయ్సీ కాకా పట్టింది. మేష్టారు పొంగిపోయాడు. ఆ పొంగు చల్లారకముందే బ్లెస్సీ లేచి, "డిశ్చార్జి అండీ" అంది.

మేష్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే అక్క డిశ్చార్జి!

అక్క దేవకుమారికి ఏలూరు ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ అయింది. అమ్మ పోయాక తమ్ముణ్ని పెంచింది, మండవల్లిలో ఐసుపెట్టెల్లో చేపలు సర్ది బీయీడీ దాకా చదివించింది ఆవిడే. "నువ్వొచ్చి తీసుకెళ్లరా, ఈ కుట్లతో ఒక్కదాన్నీ బస్సెక్కాలంటే భయం" అని ముందే బతిమాలుకుంది. ఆ వారంలో ఆవిడ ఫోను చేసినప్పుడల్లా ఎత్తలేదు మన మేష్టారు. తర్వాత తీరిగ్గా తనే చేసినప్పుడు ఆవిడ అడిగితే, "ఛార్జింగు అయిపోయిందక్కా" అని బొంకాడు. ఇంగ్లీషు మాటతో అబద్ధమాడితే పాపం సగమే అనుకున్నాడేమో, మహానుభావుడు!

పోనీ, ఆ రోజైనా వెళ్లాడా? రిటైరవుతున్న హెడ్మాస్టరు దత్తాత్రేయులుగారు ఛార్జి అప్పగించే సభ మధ్యాహ్నం పెట్టారు. దండ వేయించుకుని వెళ్లిపోదాం అనుకున్నాడు. దండ తర్వాత శాలువా, శాలువా తర్వాత బిర్యానీ. మధ్యలో ఏలూరు ఎస్టీడీ కోడుతో ఫోను మోగింది. ఆసుపత్రి దగ్గర బూతు నుంచి అక్కేనని తెలుసు. అయినా మీట నొక్కి, ఫోను పూర్తిగా కట్టేశాడు.

సాయంత్రానికి గాని ఒంటి మీదికి తెలివి రాలేదు. ఈపాటికి వార్డు ఖాళీ చేయించేసి ఉంటారని తిన్నగా మండవల్లి బస్సెక్కాడు. దారి పొడుగునా పాత అబద్ధాన్నే నెమరేసుకున్నాడు.

అక్క నవారు మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. పక్కింటి సారమ్మ గంజి పట్టిస్తోంది.

"ఎలా వచ్చావక్కా?"

"గేటు దగ్గర కూచుని కూచుని బస్సెక్కేశాన్రా. కైకలూరు దాకా నిలబడే వచ్చాను. కుట్లు లాగేస్తున్నాయి."

అది విని కూడా రూబెన్ నోరు ఊరుకోదే! "ఛార్జింగు..." అని మొదలెట్టాడు.

"తెలుసులేరా. పాపం, నీ ఫోనుకి ఛార్జింగు నిలబడదంటివి కదా." అక్క తలగడ కింద నుంచి కవరు తీసింది. "ఆసుపత్రి గేటు పక్కన బండి మీద ఛార్జర్లు అమ్ముతున్నాడు. లావు పిన్నా, సన్న పిన్నా అనడిగాడు. నాకేం తెలుసు? నువ్వు ఫోనెత్తితే కనుక్కుందామనుకున్నాను. ఎత్తలేదు. రెండూ కొనేశాను."

"పెట్టి చూడండి మేష్టారూ" అంది సారమ్మ, ప్లగ్గు చూపిస్తూ.

తప్పించుకునే దారి లేదు. లావు పిన్ను ఫోనులో గుచ్చాడు. తెర వెలిగింది. బ్యాటరీ ఫుల్ అని ఇంగ్లీషులో అక్షరాలు పడ్డాయి.

"ఏదో రాసిందే! ఏంట్రా అది? ఇంగ్లీషు మేష్టారివి కదా, చదివి చెప్పు" అంది అక్క, ఒకింత గర్వంగా సారమ్మ వంక చూస్తూ.

అక్క తన మీద నేరం మోపి, నాలుగు తిట్టినా బాగుండుననిపించింది రూబెన్‌కి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎక్కుతోంది అని రాసిందక్కా."

"అమ్మయ్య!" అక్క కళ్లు మూసుకుంది. "బాగా ఎక్కనీరా. తెల్లారేదాకా తియ్యకు."