నీళ్లలో తేలిన పిక్కలు

తోట తాళాలు మా నాన్న బర్నబా నా చేతిలో పెట్టింది సోమవారం పొద్దున. తాళాలంటే రెండే, మోటారు గదిది ఒకటి, గోనెలు పెట్టే పాకది ఒకటి. అయినా ఆ గుత్తి రోజంతా మెడలో వేసుకుని తిరిగాను.

అక్కుపల్లి దగ్గర మూడెకరాల జీడితోట మాది. నాన్నకి వారంలో మూడు రోజులు పలాసలో డయాలసిస్. ఇక చెట్ల వెంట తిరగలేనని, కోటబొమ్మాళి పాపారావుకి కౌలుకిచ్చేస్తానని అన్నాడు. విశాఖలో డిగ్రీ అవగానే బ్యాగు సర్దుకుని వచ్చేసి, నేను చూసుకుంటానన్నాను. ఒక్క వారం చూడమన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక పాపారావు వస్తాడు. ఈలోగా నాన్నకి నా మీద నమ్మకం కుదరాలి. కుదరకపోతే తోట చేయి జారిపోతుంది.

చెట్లన్నిటికీ ఫోన్‌లో నంబర్లు వేశాను. మోటారు వేయడం నేర్చుకున్నాను. పనికి వచ్చే అప్పలమ్మ పిన్ని, ఆమెతో మరో ఇద్దరు నేల మీద రాలిన పండ్లే ఏరుతారు, అడుగున ఉన్న జీడిపిక్కని మెలితిప్పి గోనెలో వేస్తారు. రోజుకి రెండు గోనెలు. తలెత్తితే కొమ్మల నిండా కాయలు, ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి! రాలేదాకా ఎదురుచూడటం ఎందుకనిపించింది.

శనివారం నాన్న ఆస్పత్రికి వెళ్లగానే వెదురు కర్రలు తెప్పించి దులపమన్నాను. అప్పలమ్మ పిన్ని కర్ర వైపు చూసింది, నా వైపు చూసింది, దులిపింది. మధ్యాహ్నానికి ఆరు గోనెలు! ఫొటో తీసి నాన్నకి పంపి, కింద మూడు చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాను.

నిమిషంలో ఫోన్ మోగింది.

"షైనీ, బకెట్లో నీళ్లు పట్టి రెండు గుప్పిళ్ల పిక్కలు అందులో ఎయ్" అన్నాడు నాన్న.

వేశాను. కొన్ని మునిగాయి. సగానికి పైగా పైకొచ్చి తేలాయి, పచ్చగా. ముదరని పిక్కలు. లోపల పప్పు నిండకముందే రాల్చేశాను. అదే చెప్పాను. నాన్న "సరే" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

ముందే ఎందుకు చెప్పలేదని అప్పలమ్మ పిన్నిని అడిగాను.

"దులపమన్నావు, దులిపినాం. దులపొచ్చా పిన్నీ అని అడిగినావేటి?" ఆమె నవ్వుతోంది. "మీ నాయన తాళాలిచ్చినాడు. తెలివి కూడా ఆ గుత్తికే కట్టి ఇచ్చినాడనుకున్నావేటి?"

మిగతా ఇద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు అడిగాను, ఇప్పుడేం చేద్దామని.

ముదిరినవాటిలో కలిపేస్తే పలాస వ్యాపారి ఒక్క పిక్క కోసి చూసి పట్టేస్తాడని, నాన్న పేరు పోతుందని చెప్పింది. పచ్చివి వేరు చేసి లేతపప్పు తీసి అమ్మేద్దామంది. రేపు ఆదివారం, పచ్చి జీడిపప్పు కూర అంటే వద్దనే ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది?

అంతే! చేతులకి బూడిద రాసుకుని నలుగురం పాక నీడన కూర్చున్నాం. పిక్క చీల్చడం, పుల్లతో పప్పు లేపడం, నీళ్లలో వేయడం. తొక్కలోంచి కారే సొన తగిలితే చేతులు కాలతాయి, మళ్లీ బూడిద రాసుకోమని పిన్ని చెబుతూనే ఉంది, నేను తొందరలో మర్చిపోతూనే ఉన్నాను. నాలుగింటికి క్యాను నిండా తెల్లటి పప్పు. ఆటో ఎక్కి పిన్నీ నేనూ కాశీబుగ్గ మార్కెట్లో దిగాం. ఆమె కొలుస్తుంటే నేను కేకలు వేసి అమ్మాను. క్లాసులో లేచి నిలబడాలంటే వణికిపోయే నేను! లైట్లు వేసే వేళకి క్యాను ఖాళీ.

ఇంటికొచ్చేసరికి నాన్న మంచం మీద ఉన్నాడు. జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఇంకో పది రోజులు కొమ్మ మీద ఉంటే మంచి పిక్కలయ్యేవని, అంత పంట నా వల్లే పోయిందని కూడా చెప్పాను. కళ్లు మూసుకునే విన్నాడు.

"సోమారం ఏటి పని సేయిత్తావు?"

నోటిదాకా పెద్ద ప్లానే వచ్చింది. మింగేశాను.

"అప్పలమ్మ పిన్నిని అడిగి చెప్తాను."

నాన్న కళ్లు తెరిచాడు. పాపారావుకి ఫోన్ చెయ్యమన్నాడు. నా ఫోన్ తీసి బొటనవేలు పెట్టాను, తెరుచుకోలేదు. తుడిచి మళ్లీ పెట్టాను. సొనకి వేలంతా కమిలి పొక్కింది, ఫోన్ నన్ను గుర్తుపట్టడం లేదు.

నాన్న ఆ వేలు పట్టుకుని చూశాడు. తలగడ కింద నుంచి తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నాదాన్నుంచి సెయ్. రేపు రానక్కర్నేదని నువ్వే సెప్పు."