గీకిన నాలుక

వైద్యుడు నోరు తెరవమన్నాడు. యావెన్ తెరిచింది. కిటికీలోంచి పడుతున్న పొద్దుటి వెలుగులో నాలుక చాపి, ఆయన మొహంకేసే చూస్తూ కూర్చుంది.

చైనాలోని షావ్‌షింగ్ ఊళ్ళో కాలవ ఒడ్డున ఉన్న యూ పెద్దాయన వైద్యశాలకు ఆమె నాలుగేళ్ళుగా వస్తోంది. సంతలో సోయా జున్ను అమ్ముకునే మనిషి. మూత్రపిండాలు మెల్లగా చెడుతున్నాయని తెలిసినప్పటినుంచీ ఆసుపత్రిలో రక్తపరీక్షా, ఇక్కడ కషాయమూ రెండూ నడుస్తున్నాయి. నాలుక మీది పాచిని చూసే జబ్బెంతో చెప్పే పెద్దాయన పెట్టిన నియమం ఒక్కటే. చూపించుకునే రోజు నాలుక గీసుకోకూడదు, నాలుకకు రంగు అంటుకునే పళ్ళేవీ తినకూడదు.

ఆ నియమాన్ని ఆమె మూడు నెలలుగా తుంగలో తొక్కుతోంది. భయం మరి! వాళ్ళన్నకూ ఇదే జబ్బు. నాలుక మీద పాచి మందంగా బూడిదరంగుకు తిరిగిన నెలలోనే ఆయన్ని డయాలసిస్ యంత్రానికి తగిలించారు. రెండేళ్ళు వారానికి మూడుసార్లు అక్కడ పడుకుని, చిక్కి శల్యమై కన్నుమూశాడు. కొత్త సంవత్సరం పండుగ వెళ్ళిన వారానికి అద్దంలో తన నాలుక మీదా అదే రంగు కనబడేసరికి యావెన్ వంటింట్లోకి పరిగెత్తింది. పింగాణీ చెంచా తీసుకుని బరబరా గీకేసింది. పాచి కనబడకపోతే యంత్రం మాట రాదని ఆ పిచ్చితల్లి లెక్క. రక్తపరీక్ష కాగితం ఏదని అడిగితే, సంతలో రద్దీ, వచ్చేసారి తెస్తానని బొంకింది.

ఏం తెలివో ఏమో గానీ, పాచిక పారింది. "బాగుందమ్మాయ్, పలచబడింది," అని పెద్దాయన మురిసిపోయి కషాయం ఘాటు తగ్గిస్తూ వచ్చాడు. ఇంటికెళ్ళేలోపు ఆ మాట ఆమే నమ్మేసేది.

ఇవాళ మాత్రం గీకేటప్పుడు చెయ్యి ఎక్కువ పడింది. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పాచి ఏదమ్మాయ్?"

"తగ్గినట్టుంది పెద్దాయనా."

"తగ్గడం వేరు, బోడిగా ఊడిపోవడం వేరు. నేలలో సారం చస్తేనే గడ్డి మొలవదు. ఇట్లాంటి నాలుక నేను చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకే చూశాను. అన్నం సయిస్తోందా?"



వెనక బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న చేపల అంగడావిడ ఊరుకుందా? "అదేం మాట పెద్దాయనా! మూడు నెలలబట్టీ దాని నాలుకనే పొగిడి మమ్మల్ని చంపుకుతిన్నారు కదా!" అంది.

నోరు విప్పితే యంత్రం, విప్పకపోతే చావు. యావెన్ చెప్పేసింది.

"గీకాను పెద్దాయనా. చెంచాతో. ఇవాళే కాదు, మూడు నెలలుగా."

"ఏ రంగుండేది?"

"బూడిద. మా అన్నకున్నట్టే. ఈమధ్య నల్లగా..."

"అయితే ఇన్నాళ్ళూ నేను మందిచ్చింది ఎవరికే? నీ చెంచాకా?" అని ఆయన బల్ల మీద గుద్దాడు. అంతలోనే గొంతు దిగిపోయింది. "నా బుద్ధి గడ్డి తింది. పాచి పోయినా నాలుక ఉబ్బు తగ్గలేదు, అంచున పళ్ళ గాట్లు పోలేదు. చూస్తూనే ఉన్నాను. కాగితం లేకుండా మందెట్లా తగ్గించాను? బాగుపడ్డావనుకోవాలని నాకూ ఆశ పుట్టింది."

వంగి ఆమె చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీసినా గుంట పూడలేదు.

"ఎంత చేదైనా తాగుతాను. యంత్రం మాత్రం వద్దు. ఒక్క వారం గీకకుండా వస్తాను, అప్పుడు చూద్దురుగాని," అని బతిమాలింది.

ఆయన మందు రాయడానికి కలం ముట్టుకోలేదు. తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. నలభై ఏళ్ళలో మధ్యాహ్నం కాకముందు ఆ తలుపు మూసింది లేదు. మా సంగతేమిటని బల్ల మీదివాళ్ళు గొణిగారు. రేపు రండన్నాడు. అది చూశాక ఎక్కడికి బయల్దేరాడో యావెన్‌కు అర్థమైంది.

"మీరెందుకు, ఆసుపత్రికి నేనొక్కదాన్నే వెళ్తాలెండి."

"నువ్వా? సగం దారిలో సంతలోకి తిరుగుతావు. పద."

వంతెన ఎక్కాక ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నాడి చూస్తాడనుకుని ఆమె అలవాటు చొప్పున ఆగింది. ఆయన నాడి చూడలేదు, ఊరికే గట్టిగా పట్టుకున్నాడు.

"భయమేస్తోంది పెద్దాయనా," అంది.

"నాకూ వేస్తోందమ్మా," అన్నాడాయన, నడక ఆపకుండా.