మల్లయ్య సంతకం

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మదీనాగూడలో రోడ్డు మీద వంటావార్పు చేస్తుంటే పోలీసులు పట్టుకెళ్లిన దినేశ్ చేతిలో ఉన్నది అన్నం గరిటె. స్టేషన్ కాగితంలోకి వచ్చేసరికి అది రెండు పెట్రోలు సీసాలైంది. ఎస్సై చెప్పాడు, హెడ్ కానిస్టేబుల్ లింగమూర్తి రాశాడు. పద్దెనిమిదేళ్లుగా స్టేషన్ రైటర్ ఆయనే. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని కోర్టువాళ్లు సైతం మెచ్చుకునేవారు. ఏం లాభం, రాసింది అబద్ధమాయె.

వస్తువు దొరికిన చోటే, సాక్షుల ఎదుట పంచనామా రాయాలి. ఎండలో సాక్షుల కోసం ఎవరు తిరుగుతారు? స్టేషన్ ఎదుట చాయ్ బండి మల్లయ్య చేత ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు చేయించి సొరుగులో పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. బండి జోలికి రాకుంటే చాలనుకుని మల్లయ్యా అడిగినన్ని చేసేవాడు. రెండో సాక్షిగా హోంగార్డు బావమరిది ఎప్పుడూ ఉండనే ఉన్నాడు.

రెండేళ్లకు కేసు విచారణకొచ్చింది. సాక్షి మల్లయ్యకు సమన్లు వచ్చాయి. అవి స్టేషన్లో లింగమూర్తి చేతికే అందాయి. మల్లయ్య పాడె పట్టినవాళ్లలో తానూ ఉన్నాడు. అయినా దినేశ్‌ను పట్టుకొచ్చిన నాడు సొరుగులో మిగిలిన కాగితం తీసి, అలవాటు కొద్దీ రాసేశాడు.

మల్లయ్య పోయాక బండి నడుపుతున్న ఆయన భార్య చంద్రమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె చాయ్ ఇచ్చి, సమన్లు చూసి, రేకు డబ్బాలోంచి మరణ పత్రం జిరాక్స్ తీసిచ్చింది. మల్లయ్య పోయింది మే నెలలో. వంటావార్పు జూన్‌లో.

"దినేశ్ అంటే సెక్యూరిటీ ఎల్లయ్య కొడుకే గద సారు? హైటెక్ సిటీల నౌకరి వచ్చిందంట. కేసున్నదని ఆపిన్రంట. దాని మీద మా ఆయన సంతకం ఉన్నదా?"

లింగమూర్తి జిరాక్స్ జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తాగకుండానే లేచాడు.

సంగతి విని ఎస్సై మెల్లగా చెప్పాడు. "ఆచూకీ లేదని రాసి పంపేయండి లింగమూర్తిగారూ. ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు, మీకెందుకండీ ఈ గొడవ? చేతిరాత మీది. నూట అరవై ఏడో సెక్షన్ ముందు మీ మెడకే చుట్టుకుంటుంది."

ఆ సెక్షన్ లింగమూర్తికి కంఠతా వచ్చు. ఒకరికి హాని జరుగుతుందని తెలిసి తప్పుడు కాగితం రాసిన ప్రభుత్వోద్యోగికి మూడేళ్ల దాకా జైలు. ఎందరెందరి మీదో ఎన్నెన్నో సెక్షన్లు రాసిన చెయ్యి, దాన్ని మాత్రం ఒక్కసారీ రాయలేదు. ఆయనకు సిగ్గేసింది. భయమూ వేసింది, దాచడమెందుకు. అయినా సమన్ల వెనక 'సాక్షి మరణించాడు' అని తేదీతో సహా రాసి, జిరాక్స్ జతచేసి పంపాడు.

వాయిదా రోజున పంచనామా రాసినవాడిగా లింగమూర్తి బోనెక్కాడు. దినేశ్ తరఫు లాయరు కృష్ణప్రియ పంచనామా పక్కన మరణ పత్రం పెట్టి చూపించింది.

"మే నెలలో పోయిన మనిషి జూన్‌లో సంతకం ఎట్లా పెట్టాడండీ?"

"తేదీ వేయడంలో పొరపాటు జరిగిందేమో" అని ప్రభుత్వ లాయరు అందించాడు. అవునను అన్నట్టు వెనక బెంచీ నుంచి ఎస్సై తలూపాడు. ఆయన పక్కనే సెక్యూరిటీ యూనిఫాంలో దినేశ్ తండ్రి ఎల్లయ్య నిలబడి ఉన్నాడు.

"పొరపాటు గాదు సార్" అన్నాడు లింగమూర్తి. "సంతకం మల్లయ్యదే. ఖాళీ కాగితం మీద పెట్టిచ్చుకున్నం. ఆయన పోయినంక దాని మీద నేను రాసిన. ఆ పిల్లగాని చేతిల సీసాలు లేవు. గరిటె ఉండె."

మేజిస్ట్రేట్ కలం ఆపాడు. "ఈ మాట నేను రాస్తే మీ మీదే కేసవుతుంది. తెలుసా?"

"ఎరుకనే సార్. రాయుండ్రి."

రాసిన కాగితం సంతకం కోసం ఆయన ముందుకు వచ్చింది. లింగమూర్తి కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టాడు.